ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య బీమాలో భర్త క్లెయిమ్ అయ్యాక భార్యకు ఎంత మిగులుతుంది?

పాలసీ మొత్తంలోంచి ఈ పాలసీ ఏడాదిలో ఇద్దరి క్లెయిములకూ కంపెనీ చెల్లించింది తీసేస్తే ఎంతుంటే అంత. ఫ్లోటరంటే ఇద్దరికీ ఒకటే మూట; "చెరో 5 లక్షలు" అనుకోవడమే అసలు పొరపాటు.

అమలాపురం దంపతులకు 5 లక్షల పాలసీ ఉందనుకోండి. ఆయనకు కాకినాడలో మోకాలి ఆపరేషన్: బిల్లు 2,10,000, కంపెనీ కట్టింది 1,85,000. ఆవిడకు మిగిలింది 3,15,000. గ్లౌజులు, గది అద్దె తేడా కింద చేతినుంచి కట్టిన 25,000 ఈ లెక్కలోకి రాదు. అందుకే ఆసుపత్రి బిల్లు కాదు, కంపెనీ ఎంత కట్టిందో చెప్పే సెటిల్‌మెంట్ లెటర్ చూసి రాసుకోండి. డిశ్చార్జి తర్వాతి మందుల బిల్లులు పెడితే అవీ ఇందులోంచే తగ్గుతాయి (ఇదే ఎక్కువమంది మర్చిపోయేది). బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు కలిసే అదనపు మొత్తం), రెస్టోర్ (వాడేసిన మొత్తాన్ని కంపెనీ మళ్లీ నింపడం) ఉంటే విడిగా కలుపుకోవాలి. రెన్యువల్‌తో మళ్లీ 5 లక్షలు.