పన్ను కదిలితే ఊడిపోతుందని కాదు

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ఎత్తుపళ్లకి క్లిప్పులు వేయించి ఐదు నెలలైంది. మొన్న ముందు పన్ను వేలితో నొక్కి చూస్తే కొంచెం కదిలింది. ఎముక అరిగిపోతోందేమోనని టెన్షన్‌గా ఉంది. జూన్‌లో ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిపోతుంది. వైరు ఇంకాస్త బిగిస్తే ఈలోపే అయిపోదా డాక్టర్ గారూ?
- ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, కాస్త కదలడం ఈ చికిత్సలో ఉండేదే. పన్ను గోడలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందాన పలుచని పొర ఉంటుంది. వేరుని పట్టి ఉంచే నారపోగులు, సన్నటి రక్తనాళాలు అందులోనే ఉంటాయి. వైరు పన్నుని లోపలికి నెడితే ఆ పొర లోపలివైపు నలుగుతుంది, బయటివైపు సాగుతుంది.

నలిగినచోటికి రక్తంలోంచి కొన్ని కణాలు చేరి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలవుతాయి. వాటినే ఆస్టియోక్లాస్టులంటాం. అవి ఎముకకి అతుక్కుని, ఆమ్లం వదిలి, దాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. సాగినవైపు ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముక కడతాయి. కరిగించడం త్వరగా అవుతుంది, కట్టడం నిదానం. అందుకే కొంతకాలం వేరు చుట్టూ సందు పెరుగుతుంది. ఎక్స్‌రేలో వేరుని చుట్టిన సన్నటి నల్లగీత వెడల్పవుతుంది. నా దగ్గరికొచ్చే తల్లులకి ఆ గీతే చూపిస్తాను. మీ వేలికి తగిలిన కదలిక అదే.

ఇక బిగించడం గురించి. దయచేసి ఆ మాట అడగకండి. మరీ గట్టిగా నొక్కితే ఆ పొరలో రక్తం ఆగి, అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఎముకని కరిగించే కణాలు ముందునుంచి రాలేక, వెనక మజ్జవైపునుంచి తొలుచుకుంటూ రావాలి. అందాకా రెండు నుంచి నాలుగు వారాలు పన్ను కదలనే కదలదు. నొప్పి ఎక్కువ, వేరు కొస కరిగే ప్రమాదం కూడా. సరైన బలం పెడితే నెలకి సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అంతకన్నా తొందరపెట్టలేం.

నొప్పికి ఐబుప్రొఫెన్ మీ అంతట మీరు వేయకండి, ఈ పనికి కావలసిన సంకేతాల్ని అది తగ్గిస్తుంది. పారాసెటమాల్ చాలు, మోతాదు డాక్టర్‌ని అడగండి. పన్ను బాగా ఊగుతున్నా, చీము కనిపించినా వెంటనే చూపించండి.

చికిత్స జూన్‌లోపు అవ్వదు, ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. హాస్టల్లో చేర్చేటప్పుడే వార్డెన్‌తో మాట్లాడి, నెలకో ఔటింగ్ డాక్టర్ దగ్గరికి రావడానికి అట్టేపెట్టండి.