మోకాలి మార్పిడికి ముందు, తర్వాత డాప్లర్ చేయించాలా?

వచ్చే నెల బెంగళూరులో మీ అమ్మగారికి మోకాలి మార్పిడి అన్నారు. కాళ్లలో రక్తం గడ్డలున్నాయేమో ముందూ తర్వాతా డాప్లర్ స్కాన్ చేయమని పట్టుబట్టాలా అని మీ ప్రశ్న. పోయిన ఏడాది మా అమ్మని అనంతపురం నుంచి మారతహళ్లిలోని మా ఇంటికి తెచ్చి ఇదే ఆపరేషన్ చేయించాం.

లక్షణాలు లేకపోతే పట్టుబట్టక్కర్లేదు. ఆపరేషన్ తర్వాత అందరికీ స్కాన్ చేయడం వద్దని అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ 2011లోనే చెప్పింది. గడ్డల ఆనవాలు వెతికే డి-డైమర్ రక్తపరీక్ష అంటారా, ఆపరేషన్ జరిగితే అది ఎలాగూ పెరుగుతుంది. కాబట్టి డాక్టరు వద్దంటే నిర్లక్ష్యం అనుకోకండి.

మా పొరపాటు వేరేచోట జరిగింది. "ఇదివరకు కాలిలో రక్తం గడ్డకట్టిందా?" అని ముందే అడిగారు. అమ్మ లేదంది, నేనూ తలూపాను. పదకొండో రోజు పిక్క గట్టిపడి వాచింది. ఆపరేషన్ కాలు వాచడం మామూలేగా అని రెండు రోజులు ఐసు పెడుతూ కూర్చున్నాను. ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి టేపుతో రెండు పిక్కలూ కొలిచింది. మూడు సెంటీమీటర్ల పైనే తేడా. రాత్రంతా కాలు ఎత్తులో ఉంచినా తగ్గలేదంటే ఇక ఆగొద్దంది. ఆ సాయంత్రమే డాప్లర్ తీస్తే మోకాలి వెనక సిరలో గడ్డ కనిపించింది.

అప్పుడు చెల్లి పక్కన కూర్చుని అడిగితే బయటపడింది. చెల్లి పుట్టినప్పుడు, బాలింతగా ఉండగా, అమ్మకి ఎడమ కాలు నెల రోజులు వాచిందట. అమ్మమ్మ కాపడం పెట్టిందట. దాన్ని ఎవరూ గడ్డ అనలేదు కదా, అమ్మ లేదనే చెప్పింది. అదీ గడ్డే అయ్యుంటుందని డాక్టరు అన్నారు.

అందుకే ఇంట్లో వాడే మాటల్లో అడగండి. కాన్పు తర్వాత కాలు వాచిందా? గర్భాలు పోయాయా? తోబుట్టువుల్లో ఎవరికైనా గడ్డలొచ్చాయా? క్యాన్సర్, హార్మోన్ మాత్రలు, పిక్కల మీద ఉబ్బిన నరాలు ఉంటే అవీ చెప్పండి. గడ్డలు రాకుండా ఆస్పిరిన్ చాలా, పొట్ట మీద ఇంజెక్షనా, రివరాక్సబాన్ లాంటి మాత్రా అన్నది ఈ జవాబులను బట్టే నిర్ణయిస్తారు. స్కాన్ కావాలంటే అప్పుడే రాస్తారు. మందు సాధారణంగా 10 నుంచి 14 రోజులు, కొందరికి 35 రోజుల దాకా ఉంటుంది. మధ్యలో ఒక్క పూట కూడా మానొద్దు.

ఇంటికొచ్చాక పిక్క నొప్పి, వేడి, తగ్గని వాపు ఉంటే అదే రోజు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే ఫిజియో కోసం, తెల్లారడం కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టర్ని అడగకుండా ఊరికి కారులో తీసుకెళ్లకండి.

అమ్మ మూడు నెలలు మాత్రలు వాడింది, ఇప్పుడు మా రెండో అంతస్తు మెట్లెక్కుతోంది. కాన్పుల సంగతి మగపిల్లలు అడిగితే చెప్పరు. అక్కో చెల్లో ఉంటే ఈ రాత్రికే ఫోన్ చేసి అడిగించండి.