బండి ఆపి వేలిముద్ర అడిగితే ఇవ్వాల్నా?

ప్రశ్న: మాది వరంగల్ కరీమాబాద్. ఎంజీఎం ఆసుపత్రిల ఉన్న అమ్మకు అన్నం ఇచ్చి రాత్రి పదకొండు దాటినంక వస్తుంటే పోచమ్మమైదాన్ దగ్గర పోలీసులు బండి ఆపిన్రు. కాగితాలన్నీ ఉన్నా చిన్న మిషన్ మీద వేలు పెట్టించిన్రు, ఫోన్‌ల ఫొటో తీసుకున్నరు. "ఏం లేదు, పో" అన్నరు. నా మీద ఏ కేసూ లేదు. ఇయ్యనని అనొచ్చా? ఆ ముద్ర ఎక్కడికి పోతది?

జవాబు: ఇవ్వనని అనొచ్చు. కానీ నడిరోడ్డు మీద గొడవ పెట్టుకోవద్దు. విధులకు ఆటంకమని కేసు రాస్తే, లేని కేసు మీరే తెచ్చుకున్నట్లవుతుంది. "నన్ను అరెస్టు చేశారా సార్? ఏ సెక్షన్ కింద?" అని మర్యాదగా అడిగి, టైము, చోటు, పోలీసు బండి నంబరు రాసి పెట్టుకోండి.

నా మీద నేనే సాక్ష్యం ఎందుకివ్వాలని చాలామంది రాజ్యాంగంలోని 20(3) అధికరణం ఎత్తుతారు. అది ఇక్కడ పారదు. వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని పదకొండుగురు జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం 1961లోనే తేల్చింది. మీకు అక్కరకొచ్చేది 21వ అధికరణం. గోప్యత ప్రాథమిక హక్కేనని, అందులో సర్కారు వేలు పెట్టాలంటే ముందు ఒక చట్టం ఉండాలని 2017లో పుట్టస్వామి కేసు తీర్పు చెప్పింది.

ఉన్న చట్టం 2022లో వచ్చింది, దాని పేరు క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం. దాని 3వ సెక్షన్ ప్రకారం శిక్ష పడినవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు, సత్ప్రవర్తన బాండు ఇవ్వమని ఆదేశం అందుకున్నవాళ్లు ముద్రలివ్వాలి. దర్యాప్తు కోసం ఇంకెవరి దగ్గరైనా తీసుకోవాలంటే 5వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాలి. టిఫిన్ డబ్బాతో ఇంటికి పోయే మనిషి ఈ లెక్కలో ఎక్కడా రాడు.

మిషన్ మీ ముద్రను పాత రికార్డుతో పోల్చి వదిలేసిందా, దాచుకుందా అన్నదే అసలు సంగతి. ఆ చట్టం కింద జాతీయ నేర రికార్డుల బ్యూరోకు చేరిన వివరాలు 75 ఏళ్లు ఉంటాయి. అందుకే పోలీసు కమిషనరేట్‌లో పౌర సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి. రోడ్డు తనిఖీలో ముద్ర, ఫొటో తీసే అధికారం ఏ ఉత్తర్వు ఇస్తోంది, అవి ఎన్నాళ్లుంటాయి, ఎవరు చూస్తారు అని అడగండి. కేసు వివరాలు అడగొద్దు, నియమం అడగండి. అప్పుడు "దర్యాప్తుకు అడ్డు" అని తిప్పి పంపడం వాళ్లకు కష్టం. 30 రోజుల్లో జవాబు రాకుంటే అప్పీలుంది.

2023 డేటా రక్షణ చట్టం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, నేరాల నివారణ పేరు చెబితే అందులో చాలా మినహాయింపులున్నాయి. లాక్‌డౌన్లో మాస్కు తీయించి ఫొటో తీశారని హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఒకరు ముఖాలు గుర్తుపట్టే టెక్నాలజీ మీద మన హైకోర్టుకు ఎక్కారు. 2022 జనవరిలో కోర్టు సర్కారుకు నోటీసులిచ్చింది కూడా.

ఆర్టీఐ జవాబు చేతికొచ్చాక, మానవ హక్కుల కమిషన్‌కు పోవాలా, హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలా అన్నది కాగితం చూసి మాట్లాడుకుందాం.