డమాస్కస్ కత్తి చేస్తుంటే పొరలు ఎందుకు విడిపోతున్నాయి?

తమ్ముడూ, కర్నూల్లో షెడ్డులో కొలిమి పెట్టుకుని డమాస్కస్ కత్తి (ఉక్కు పొరలను కాచి, కొట్టి అతికించి చేసేది) చేస్తున్నానని, పొరలు అతుక్కున్నట్టే ఉండి సాగదీసేసరికి విడిపోతున్నాయని రాశావు. ఇంకా బరువైన సమ్మెట కొనాలా అని అడిగావు. సమ్మెట కొనొద్దు. మాది అనంతపురం, కమ్మరి ఇల్లు. కొడవళ్లు, గొడ్డళ్లు చేసే కొలిమిలోనే నేను ఈ కత్తులూ చేస్తాను. అతుకు సగం శుభ్రతలో ఉంటుంది, మిగతా సగం కాకలో.

ముందు ఉక్కు సంగతి. అంతా లారీ కమాన్ పట్టీయే వాడుతున్నానన్నావు. కత్తికి అది గట్టిదే, కానీ ఒకే రకం ఉక్కయితే పొరల గీతలు సరిగా తేలవు. 1095, 15ఎన్20 అనే రెండు రకాల ఉక్కు కలిపి చూడు. రెండోదాంట్లో 2 శాతం దాకా నికెల్ ఉంటుంది కాబట్టి గీతలు తేల్చే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచినా తెల్లగా మిగులుతుంది, మొదటిది నల్లబడుతుంది. (డమాస్కస్ అని పేరు మోసిన పాత కత్తుల ఉక్కు వేరే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో దాన్ని మూసల్లో కరిగించి తీసేవాళ్లు. దానికీ ఈ పొరల పనికీ సంబంధం లేదు.)

ప్రతి ముక్కనూ గ్రైండర్‌తో తళతళలాడేదాకా రుద్దు. నల్లటి పెచ్చు కాస్త మిగిలినా అక్కడ అతుకు పడదు. చేతి జిడ్డు కూడా పనికిరాదు, థిన్నర్‌తో తుడిచేయ్. ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ కట్టను అంచుల్లో వెల్డింగ్ చేసి, పట్టుకోవడానికి ఒక రాడ్డు అతికించు. కొలిమిలో ఎర్రబడగానే వెలిగారం (బోరాక్స్ పొడి) చల్లు.

అసలు తేడా వచ్చేది ఆ తర్వాతే. పైన పసుపు రంగు తేలినా లోపల ఇంకా ఎర్రగానే ఉంటుంది. రంగు వచ్చాక కూడా తిప్పుతూ కొన్ని నిమిషాలు ఆగాలి. వెలిగారం మరిగే నెయ్యిలా బుడగలు కడుతూ కదలాలి, ముక్క రంగూ కొలిమి రంగూ ఒకటై పోవాలి. అప్పుడే బయటికి తీయ్. మనవైపు దొరికే సర్కారు తుమ్మ బొగ్గు మంచి కాక ఇస్తుంది, కానీ గాలి గొట్టం నోటికి ఎదురుగా మాత్రం ముక్కను పెట్టొద్దు. అక్కడ పెచ్చు కడుతుంది, తెల్ల రవ్వలు చిమ్మాయంటే ఉక్కు కాలిపోతున్నట్టే.

దాగలి (సమ్మెట దెబ్బలు వేసే ఇనుప దిమ్మ) మీద పెట్టాక ఒక చివర నుంచి వరసగా తేలిక దెబ్బలు వేస్తూ పో. రెండు చివర్ల నుంచీ కొడితే వెలిగారం మధ్యలో చిక్కుకుంటుంది. కరిగిన వెలిగారం పక్కలకు చిమ్ముతుంది, కళ్లద్దాలు, బూట్లు లేకుండా నిలబడకు. మొదటి రెండు మూడు కాకలూ అతుకు కోసమే, సాగదీయడం తర్వాత. చల్లారేటప్పుడు పక్క నుంచి చూడు: పొరల మధ్య నల్లటి గీత కనిపిస్తే అక్కడ అతుకు పడలేదన్నమాట.

కత్తి ఆకారం వచ్చాక అయస్కాంతం అంటుకోనంత కాచి, ఇంకాస్త రంగు రానిచ్చి గోరువెచ్చని నూనెలో ముంచు. నీళ్లలో ముంచితే పగుళ్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. వెంటనే 200 డిగ్రీల ఓవెన్లో రెండేసి గంటలు, రెండుసార్లు ఉంచు.

ఈసారి ఏడు పొరలతోనే మొదలుపెట్టు. చల్లారేటప్పుడు పక్క నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ఏ పొర దగ్గర తేడా వస్తోందో చూసి చెప్తాను.