విశాఖ నుంచి చిలికా దాకా తీరం వెంట కారులో: ఫిబ్రవరిలో నాలుగు రోజులు సరిపోతాయా?

మీరు అడిగింది ఇది: ఫిబ్రవరిలో నాలుగు రోజులు సెలవు దొరికింది, విశాఖలో బయల్దేరి సముద్రం పక్కనుంచే కారులో ఒడిశాలోని చిలికా సరస్సు దాకా వెళ్లి రావాలి. ఇద్దరు చిన్నపిల్లలు, డెబ్భై దాటిన మీ అమ్మగారు వెంట ఉంటారు. బీచ్‌లు, పాత ఊళ్లు, పక్షులు, వీలైతే తాబేళ్లు, డాల్ఫిన్లు చూడాలి.

కుదురుతుంది. డాల్ఫిన్లను మాత్రం ఈసారికి వదిలేయండి, ఎందుకో చిలికా దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. ఈ దారిలో మా ఇంటివాళ్లతో ఏళ్లుగా తిరుగుతున్నాను. ఎండాకాలంలో వెళ్లాను, వానల్లో వెళ్లాను, చలికాలంలో వెళ్లాను. నా అభిప్రాయం ఏమిటంటే ఇక్కడ రూట్ మ్యాప్ కన్నా క్యాలెండర్ ముఖ్యం. ఏ జీవి ఏ నెలలో ఎక్కడ ఉంటుందో ముందు చూసుకోవాలి, బీచ్‌లనూ బసనూ దాని చుట్టూ సర్దుకోవాలి. సముద్రం ఎప్పుడు వెళ్లినా ఉంటుంది, కొంగలూ తాబేళ్లూ అలా ఉండవు. మీరు మంచి నెలే ఎంచుకున్నారు.

ముందు రోడ్డు సంగతి. నిజంగా సముద్రాన్ని ఆనుకుని వెళ్లే రోడ్డు విశాఖ నుంచి భీమిలి వరకే. అక్కడి నుంచి తగరపువలస దగ్గర ఎన్‌హెచ్ 16 ఎక్కేస్తారు, ఇక ఆ హైవే తీరానికి దూరంగా లోపలినుంచి పోతుంది. సముద్రం చూడాలంటే ఒక్కో కూడలి దగ్గర దిగి పక్క రోడ్డులో వెళ్లాల్సిందే. ఉత్తరంగా వెళ్లేటప్పుడు సముద్రం మీకు కుడివైపు ఉంటుంది, అంటే దిగిన ప్రతిసారీ ఎదురొచ్చే లారీలను దాటుకుని కుడికి తిరగాలి. వచ్చేటప్పుడు అదే ఎడమవైపు, హాయిగా దిగిపోవచ్చు. అందుకే వెళ్లేటప్పుడు తిన్నగా దూరం పోయి, శ్రీకాకుళం జిల్లా ఊళ్లన్నీ తిరుగు ప్రయాణానికి పెట్టుకోమని అందరికీ చెబుతాను. పిల్లలు అలిసిపోయేది కూడా అప్పుడే, మధ్యమధ్య దిగి ఆడుకుంటే వాళ్లకూ బాగుంటుంది.

మొదటిరోజు తెల్లవారకముందే బయల్దేరండి. మన తీరంలో సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు, రుషికొండ దాటాక ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, ఆ వేళ రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు ఆగండి. ఇవి వేల ఏళ్లుగా గాలి మోసుకొచ్చిన ఇసుక, అందులోని ఇనుము తుప్పెక్కి ఎర్రబడింది. పిల్లల్ని దిబ్బల అంచులు ఎక్కనివ్వకండి. ఒక్క వానకే కోసుకుపోయే మట్టి అది, మనిషి కాలు పడితే ఇంకా త్వరగా జారిపోతుంది. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి, టిఫిన్ చేసి హైవే ఎక్కండి. మధ్యాహ్న భోజనానికి తప్ప ఎక్కడా ఆగకపోతే పొద్దుపోకముందే ఒడిశా తీరంలోని గోపాలపూర్ చేరతారు.

గోపాలపూర్ నాకు చాలా ఇష్టమైన ఊరు. లైట్‌హౌస్, పాత రేవు శిథిలాలు, తీరికగా ఉండే వీధులు. భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ అన్నీ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవులే. ఇక్కడి నుంచి ఎంతోమంది బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్లారు. రైలు రావడం, 1933లో విశాఖ హార్బర్ తెరవడంతో ఓడలు అటు మళ్లాయి, ఈ ఊళ్లు ఇలా మిగిలాయి. ఒడిశాకు వచ్చాం, భాష ఎలా అని టెన్షన్ పడకండి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ పక్కనున్న బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, గోపాలపూర్ ఒడ్డున వలలు సర్దుకునే జాలర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా అమ్మ అక్కడ ఒక ముసలావిడతో ఎండుచేపల గురించి మాట్లాడుతూ కూర్చుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలియలేదు. మీ అమ్మగారికీ నచ్చుతుంది.

రెండోరోజు తెల్లవారుజామున రుషికుల్య. ఈ ప్రయాణానికి ఇదే ప్రాణం. గంజాం దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, వరసగా కొన్ని రాత్రులపాటు జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చినవి ఆరు లక్షలకు పైనే. కానీ ఏ రాత్రి మొదలవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, కొన్ని ఏళ్లలో గుంపు అసలు రాదు. కాబట్టి పిల్లలకు మాట ఇవ్వకండి. గోపాలపూర్‌లో మీరు దిగిన చోట అడిగితే ఆ వారం సంగతి చెబుతారు. పురునబంధ, గోఖరకుద ఊళ్లలోనూ చెబుతారు, తాబేళ్లను కాపాడడంలో ఆ ఊళ్ల కుర్రాళ్ల కష్టం చాలా ఉంది.

గుంపు వచ్చిన రోజుల్లో అటవీశాఖవాళ్లు ఎంతవరకు వెళ్లనిస్తే అంతవరకే వెళ్లండి. అసలు వెళ్లనివ్వకపోతే బతిమాలకండి, వెనక్కి వచ్చేయండి. ఒకవేళ దూరం నుంచి చూడనిస్తే ఫోన్ జేబులోనే ఉండాలి, ఫ్లాష్ కాదు కదా స్క్రీన్ వెలుగు కూడా వద్దు. వెలుతురు కనబడితే నీళ్లలోంచి బయటికొచ్చిన తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోతుంది. ఎవరూ అడ్డు రాకపోతే అది వెనక కాళ్లతో మూర లోతు గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దిమ్మిస కొట్టినట్టు ఒళ్లంతా అటూ ఇటూ ఊపి గట్టిపరుస్తుంది. ఆ చప్పుడు చీకట్లో వినబడుతుంది. ఆ ఇసుక మీద నిలబడి నేను నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడలేకపోయాను. గుడ్లు పొదగడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. పిల్లలు బయటికి రాగానే వెలుతురున్న వైపు పాకుతాయి. ప్రకృతిలో అది సముద్రం వైపు. ఊరివైపు దీపాలుంటే అటు పాకి చచ్చిపోతాయి.

ఇంకో సంగతి ముందే పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి. ఈ తీరంలో ఎక్కడ ఆగినా జనవరి, ఫిబ్రవరిలో ఒడ్డున చచ్చి పడి ఉన్న తాబేళ్లు కనబడతాయి. వాటికీ మనలాగే ఊపిరితిత్తులే. గాలి కోసం పైకి రావాలి. మరబోట్ల వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతాయి. తాబేలు తప్పించుకుపోయే ద్వారం ఉన్న వలలు వాడాలని నిబంధన ఉంది, అది గట్టిగా అమలు కావాలి. పిల్లలకు చెప్పడానికి బాధగానే ఉంటుంది, అయినా దాచొద్దు. మా పిల్లలు అడిగిన ప్రశ్నల్లో మంచివన్నీ ఆ చచ్చిన తాబేలు పక్కన నిలబడి అడిగినవే.

అక్కడి నుంచి చిలికా ఒడ్డునున్న రంభ. సరస్సు కనబడే మొదటి మలుపు దగ్గర అందరూ కారులో ఒక్కసారి లేచి చూస్తారు. కుడివైపు నీళ్లు, ఎడమవైపు కొండలు, బర్కుల్ దాకా అదే వరస. రాత్రికి బర్కుల్‌లో ఉండండి. మధ్యాహ్నం ఎండ తగ్గాక పడవలో సరస్సు మధ్య దీవిలోని కాళీజాయి గుడి దాకా వెళ్లి రావచ్చు.

ఇక డాల్ఫిన్లు. చిలికాలో ఉండే ఇరావడీ డాల్ఫిన్లు సుమారు నూట యాభై, వాటిని చూపించే చోటు సాతపడ. అది సరస్సుకు అవతలి ఒడ్డు. రోడ్డున చుట్టి వెళ్తే దాదాపు ఒక రోజు పోతుంది, పాలూరు, కృష్ణప్రసాద్ మీదుగా జాన్హికుదా వెళ్లి కారును ఫెర్రీ మీద ఎక్కించి దాటితే సగం రోజు పోతుంది. పైగా ఇవి సినిమాల్లో చూసినట్టు ఎగిరి దూకే రకం కాదు, గుండ్రటి తల, బూడిదరంగు వీపు ఓ క్షణం కనబడి మునిగిపోతాయి. వాటి వెంట నాలుగు వైపుల నుంచి మోటారు పడవలు తరమడం చూశాక నాకైతే ఆ బేరం నచ్చలేదు. ఇంజిన్ రెక్కలు తగిలి గాయపడతాయి కూడా. ఎప్పుడైనా వెళ్తే దూరంలోనే ఇంజిన్ ఆపించి ఎదురుచూడండి, అవే వస్తాయి.

దాని బదులు మూడోరోజు పొద్దున్నే మంగళాజోడి వెళ్లండి. హైవే మీద టాంగి దగ్గర దిగాలి. మోటారు లేని పడవ, గెడతో నెడతారు, చప్పుడుండదు. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మిన ఊరివాళ్లే ఇప్పుడు కాపలా కాస్తూ మనల్ని తిప్పి చూపిస్తున్నారు, ఏ పిట్ట ఎక్కడ దాక్కుంటుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. సూదితోక బాతులు, గాడ్‌విట్‌లు, ఊదారంగు నీటికోళ్లు రెల్లుగడ్డి మధ్య చేతికందేంత దగ్గరలో తిరుగుతుంటాయి. పడవ కుదుపు లేకుండా సాగుతుంది, అమ్మగారు నిశ్చింతగా కూర్చోవచ్చు, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మాత్రం ఒక చెయ్యి పట్టుకోవాలి. మార్చి రెండోవారం దాటితే చాలా పక్షులు వెళ్లిపోతాయి, అందుకే ఫిబ్రవరి అంటే నాకు సంతోషం.

అక్కడి నుంచి తిరుగు దారి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి పేరు ఎవరైనా చెబితే ఇప్పుడు వెళ్లకండి. అక్కడికొచ్చే ఓపెన్‌బిల్ కొంగలు వానాకాలంలో గూళ్లు కట్టి చలికాలానికి ఎగిరిపోతాయి, ఫిబ్రవరిలో చెట్లు ఖాళీగా ఉంటాయి. నేరుగా సోంపేట వైపు వచ్చి బారువలో దిగండి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, కొబ్బరితోటల మధ్య రోడ్డు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది, కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పలాసలో జీడిపప్పు కొంటారు కదా, సైజు అంకెల్లో చెబుతారు: 240 అంటే పౌండు బరువుకు సుమారు అన్ని పలుకులు, అంకె తగ్గితే పప్పు పెద్దది. ఆ రాత్రి పలాసలో గానీ, ఓపిక ఉంటే శ్రీకాకుళంలో గానీ ఉండండి. పలాసలోనే ఉంటే నాలుగోరోజు పొద్దున్నే తేలినీలాపురం దగ్గరవుతుంది.

తేలినీలాపురంలో గూడబాతులు, పెయింటెడ్ కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వచ్చి వేసవి మొదట్లో పోతాయి. ఫిబ్రవరికి పిల్లలు తల్లి అంత అయి ఎగరడం నేర్చుకుంటుంటాయి, గోల గోలగా ఉంటుంది. అందరూ సైబీరియా పక్షులు అంటారు గానీ ఈ రెండు జాతులూ మన దేశంలో పుట్టి పెరిగేవే. ఊరివాళ్లు వీటి రాకను శుభంగా చూస్తారు, వాటి జోలికి ఎవరినీ వెళ్లనివ్వరు.

తర్వాత కళింగపట్నం. లైట్‌హౌస్, వంశధార ముఖద్వారం, విశాలమైన ఇసుక. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. ఈ తీరమంతా అడుగున లాగే ప్రవాహాలు, నది కలిసే చోట మరీ ప్రమాదం, లైఫ్‌గార్డులు అన్నిచోట్లా ఉండరు. పాదాలు తడిస్తే చాలు.

చివరగా శ్రీకూర్మం. విష్ణువును కూర్మరూపంలో కొలిచే గుళ్లు అరుదు, అమ్మగారికి దర్శనం అవుతుంది, పిల్లలకు ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లు కనబడతాయి. ఇవి నేల తాబేళ్లు, తల, కాళ్లు డిప్పలోకి లాక్కుంటాయి. రుషికుల్యలోని సముద్రపు తాబేలుకు ఆ వీలు లేదు, దాని కాళ్లు తెడ్లలా మారాయి, లోపలికి పోవు. పిల్లల చేత తేడా కనిపెట్టించండి. నాలుగు గంటలకల్లా అక్కడ బయల్దేరితే రాత్రి భోజనానికి విశాఖలో ఉంటారు. ఊళ్లలోపలి రోడ్ల మీద చీకటి పడ్డాక బండి నడపకండి, పశువులు, లైట్లు లేని ట్రాక్టర్లు ఎక్కువ.

బర్కుల్‌లో గదులు శని, ఆదివారాల్లో దొరకడం కష్టం, తేదీలు అనుకోగానే అది ముందు బుక్ చేయండి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉంటే కింద రాయండి, ఎక్కడ మెట్లు తక్కువో చెబుతాను.