పాలజ్వరం కాదు, ఈ.కోలి పొదుగువాపు

ప్రశ్న: మా జెర్సీ సంకరజాతి ఆవు ఈని 10 రోజులైంది. రాత్రి బాగానే పాలిచ్చింది. తెల్లారేసరికి ఒక చన్ను వైపు పొదుగు రాయిలా గట్టిపడి, పసుపు నీళ్లు వస్తున్నాయి. చెవులు చల్లబడ్డాయి, లేవలేకపోతోంది. మందుల షాపులో పాలజ్వరమని కాల్షియం సీసా, యాంటీబయాటిక్, డెక్సామెథాసోన్ ఇచ్చారు. ఇంకా బలమైన యాంటీబయాటిక్ చెప్పండి.

జవాబు: ముందు 1962కి (పశువుల అంబులెన్స్) ఫోన్ చేయండి, యాంటీబయాటిక్ సంగతి తర్వాత. పాలజ్వరంలోనూ చెవులు చల్లబడతాయి, ఆవు పడిపోతుంది. కానీ పొదుగు మెత్తగా ఉంటుంది, పాలు పాలలాగే ఉంటాయి. మీరు రాసినదాన్ని బట్టి ఇది పేడలో ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పొదుగువాపు.

ఈ.కోలి చచ్చేకొద్దీ దాని పైపొర నుంచి ఎండోటాక్సిన్ అనే విషం ఊడి వస్తుంది. ఆవును పడేసింది అదే. యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. తెల్ల రక్తకణాల్లో ఎసైలాక్సీఎసైల్ హైడ్రోలేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఎండోటాక్సిన్‌కున్న కొవ్వు ఆమ్లాల గొలుసులు కొన్నిటిని అది కత్తిరిస్తుంది. అవి తెగాక ఆ విషానికి జ్వరం, షాక్ పుట్టించే సత్తా పోతుంది. అయితే ఇది నెమ్మదిగా సాగే పని. ఈనిన కొత్తలో ఆ కణాలు పొదుగులోకి అసలే ఆలస్యంగా వస్తాయి. దానికి తోడు షాపాయన డెక్సామెథాసోన్ పొడిచాడు! రక్తంలోంచి పొదుగులోకి దూరే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలను అడ్డుకునే స్టెరాయిడ్ మందు అది. పశువును చూడకుండా సూది ఇచ్చేవాళ్ల మాట ఎందుకు వింటారో!

డాక్టరు చేత 7.2 శాతం ఉప్పు సెలైన్ నరానికి ఎక్కించండి. కిలో బరువుకు 4–5 మి.లీ. చొప్పున 400 కిలోల ఆవుకు 1.6–2 లీటర్లు. మామూలు సెలైన్ రెండు సీసాలు ఈ ఒంటికి ఏ మూలకూ చాలవు. వెంటనే 20–40 లీటర్ల నీళ్లు తాగనివ్వాలి. తాగకపోతే డాక్టరు చేత గొట్టంతో నేరుగా కడుపులోకి పోయించాలి, నోట్లో బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరానికి, వాపుకు మెలాక్సికామ్ కిలోకు 0.5 మి.గ్రా., అంటే 200 మి.గ్రా. డెక్సామెథాసోన్ పడిందని డాక్టరుకు ముందే చెప్పండి. రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. కాల్షియం మళ్లీ అవసరమైతే చర్మం కిందే. విషమెక్కిన ఆవుకు నరంలో వేగంగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది.

ఆ చన్నును 2–3 గంటలకోసారి పిండేయండి. పిండింది గుంటలో పూడ్చండి, దూడకు తాపొద్దు.

మిగతా ఆవుల మాటేమిటంటే, పితికాక చన్నులు అయోడిన్‌లో ముంచడం ఈ.కోలిని పెద్దగా ఆపదు. పితికే ముందు ముంచి, 30 సెకన్లు ఉంచి, ఆవుకొక పొడిగుడ్డతో తుడవండి. పితికాక మేత వేసి అరగంట నిలబెట్టండి. అప్పుడే పేడలో పడుకుంటే తెరుచుకున్న చన్ను రంధ్రంలోంచి క్రిమి లోపలికి పోతుంది.