ఆఫ్‌సెట్ మారిన అల్లాయ్ వీల్స్ వేయిస్తే క్లెయిమ్ పోతుందా?

సందేహం: మాది గుంటూరు. ఉద్యోగం విజయవాడలో, రోజూ కారులోనే వెళ్లొస్తాను. కంపెనీ ఇచ్చినవి 16 అంగుళాల 6జె (6 అంగుళాల వెడల్పు) రిమ్‌లు, ఆఫ్‌సెట్ (రిమ్ వెడల్పు మధ్యగీత నుంచి, చక్రం కారుకు ఆనే చోటు ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో చెప్పే అంకె) 45. ఆటోనగర్‌లో ఒక షాపతను 16 అంగుళాలవే, 7జె, ఆఫ్‌సెట్ 30 అల్లాయ్‌లు చూపించాడు. ‘ఆర్సీలో ఆఫ్‌సెట్ రాయరు సార్, ఎవరడుగుతారు?’ అంటున్నాడు. చలానా పడుతుందా? ఇన్సూరెన్స్‌కు ఇబ్బందా?

జవాబు: ఆర్సీలో ఆఫ్‌సెట్ అంకె ఉండదన్న మాట నిజమే. ఎవరూ అడగరన్న దగ్గరే చిక్కు. రోడ్డు మీద పోలీసులు అడగకపోవచ్చు, ప్రమాదం జరిగాక నష్టం లెక్కగట్టడానికి వచ్చే ఇన్సూరెన్స్ సర్వేయర్ అడుగుతాడు.

ముందు లెక్క చూడండి. 6 అంగుళాల రిమ్‌లో సగం 76 మి.మీ. అందులో 45 తీసేస్తే, హబ్‌కు (కారుకు చక్రాన్ని బిగించే భాగం) ఆనే చోటు నుంచి రిమ్ 31 మి.మీ. బయటికి ఉంటుంది. 7 అంగుళాల్లో సగం 89, అందులో 30 పోతే 59. అంటే ఒక్కో చక్రం 28 మి.మీ. బయటికి జరుగుతుంది. లోపలివైపు మాత్రం 2 మి.మీ. ఖాళీ పెరుగుతుంది కాబట్టి సస్పెన్షన్‌కు ఏదీ తగలదు. షాపులో ఒక రౌండ్ తిప్పి చూస్తే అంతా బాగానే ఉంటుంది. నలుగురెక్కి గుంతలో దిగినప్పుడు టైరు ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచును రాసుకోవచ్చు. వీల్ బేరింగ్ మీద భారమూ పెరుగుతుంది. రేపు బేరింగ్ పోతే వారంటీ ఇవ్వనంటారు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీ వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. నిర్మాణం మారి, దాని మౌలిక లక్షణమే మారితే దాన్ని మార్పు అంటారని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం కుదరదని గట్టిగానే చెప్పింది. నా అభిప్రాయంలో చక్రం ఫెండర్ లోపలే ఉంటే ఆ వివరణ ఆధారంగా మీ వాదన నిలబడుతుంది. బయటికి పొడుచుకొస్తే కష్టం. సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయవచ్చు. చక్రాల కోసం జైలు దాకా వెళ్తుందని నేననుకోను, ఆ టెన్షన్ వద్దు. చలానా పడితే మాత్రం ఏ సెక్షన్ రాశారో చూడకుండా కట్టేయకండి.

అసలు భయపడాల్సింది ఓన్ డ్యామేజ్, అంటే మీ కారుకు జరిగిన నష్టానికి అడిగే క్లెయిమ్ గురించి. ఎదుటివాళ్లకు గాయాలైతే థర్డ్ పార్టీ పరిహారం చక్రాల వంకతో ఆపడం కంపెనీకి అంత తేలిక కాదు. మీ కారు రిపేరు డబ్బు దగ్గర మాత్రం ‘మార్పు సంగతి మాకు చెప్పలేదు’ అనే మాట వస్తుంది. వెనక నుంచి ఎవరో గుద్దితే చక్రాలకూ ప్రమాదానికీ సంబంధం లేదని వాదించవచ్చు. మలుపులో కారు అదుపు తప్పితే ఆ వాదన చాలా బలహీనం. క్లెయిమ్ తిరస్కరిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గానీ, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు గానీ వెళ్లవచ్చు. మార్పు సంగతి కంపెనీకి చెప్పినట్టు కాగితం చేతిలో లేకుండా వెళ్తే మాత్రం ఎక్కడైనా ఒకటే.

కాబట్టి బిగించకముందే రిమ్ సైజు, ఆఫ్‌సెట్, ధర రాసి ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, పాలసీలో ఎండార్స్‌మెంట్ (ఆ మార్పును రాతపూర్వకంగా చేర్చడం) అడగండి. ఏజెంట్ ఫోన్‌లో ‘పర్లేదండీ’ అంటే సరిపోదు. రిమ్ మీద ఐఎస్ఐ మార్కు ఉందో లేదో మీరే చూసుకోండి. బిల్లులో ‘అల్లాయ్ సెట్ – 4’ అని ముక్తసరిగా రాస్తారు, అలా వద్దని 7జె, ఆఫ్‌సెట్ 30 అని రాయించండి. నన్నడిగితే 6జెలోనే, 45కి దగ్గరి ఆఫ్‌సెట్‌తో మంచి డిజైన్ వెతుక్కోమంటాను. ఏది వేయించినా పాత చక్రాలను షాపతనికి ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చేయకండి. యథాస్థితికి తెమ్మని ఆర్టీఏ వాళ్లు అన్న రోజున అవే కావాలి.